తూటాకు ఆడా మగా తేడా లేదన్న తాతయ్యకు ఏమని జవాబివ్వాలి?

అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కళాశాలల మధ్య జరిగే చర్చా పోటీకి సిద్ధమవుతోంది. 'విదేశాంగ, భద్రతా విధానాల్లో స్త్రీపురుష సమానత్వానికి చోటుండాలి' అన్నది అంశం. ఈమె జట్టుది అనుకూల పక్షం. ఇంట్లో సాధన చేస్తుంటే, 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున పనిచేసిన తాతయ్య విని, 'తూటాకు ఆడా మగా తేడా ఉండదమ్మా, దేశరక్షణకు మాత్రం ఎందుకుండాలి?' అన్నారట. ఏమని బదులు చెప్పాలో జట్టులో ఎవరికీ తోచలేదు. ప్రసంగం మొదటి పేజీ కూడా ఇక్కడ పెట్టింది. 'స్త్రీ సహజంగా శాంతిస్వరూపిణి' అని మొదలవుతుంది అది.

నేను ఈ నగరంలోనే ముప్పై ఒక్క ఏళ్లు అంతర్జాతీయ సంబంధాలు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. ఇటువంటి పోటీలకు న్యాయనిర్ణేతగా ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కపెట్టలేదు. మొదట 'మీరు' అంటూ నాలుగు వాక్యాలు రాసి చెరిపేశాను. డిగ్రీ పిల్లను మీరు అనడం నాకు చేతకాదు, ఏమీ అనుకోకు.

ముందు ఆ మొదటి పేజీ చించెయ్యి.

శాంతిస్వరూపిణి అన్న మాట నీ నోట వచ్చిన మరుక్షణం ఎదుటి జట్టు ఇందిరాగాంధీ పేరెత్తుతుంది. 1971లో మీ తాతయ్యను సరిహద్దుకు పంపిన ప్రభుత్వానికి ప్రధాని ఎవరు? 1973 యుద్ధంలో ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్. 1982లో ఫాక్లాండ్ దీవుల కోసం నౌకాదళాన్ని పంపింది బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్. ఈ ముగ్గురి పేర్లూ ప్రతి పోటీలోనూ వస్తాయి, వాటి దగ్గరే అనుకూల పక్షం తడబడుతుంది. నీ వాదనలో 'స్త్రీలు మంచివాళ్లు' అన్న మాటకు చోటే లేకపోతే ఆ ముగ్గురూ నీకు అడ్డు కారు. పైగా ఆ వాదనలో ఒక అవమానం కూడా దాగి ఉంది. స్త్రీలను శాంతికి ప్రతినిధులుగా పిలుస్తున్నామంటే, వాళ్లు యుద్ధం గురించి, ఆయుధాల కొనుగోలు గురించి మాట్లాడనవసరం లేదని చెప్పకనే చెప్పినట్లు. పురుషుడిని చర్చల గదిలోకి రానిచ్చే ముందు అతను స్వభావరీత్యా ఎటువంటివాడో ఎవరూ అడగరు కదా.

నీ వాదన నిలబడాల్సిన చోటు వేరు. 'ప్రమాదం' అని ప్రభుత్వం దేన్ని అంటుంది, ఎవరికి జరిగినదాన్ని లెక్కలోకి తీసుకుంటుంది? అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మీ తాతయ్య మాటనే పట్టుకుని చూద్దాం. ఆయన చెప్పింది నిజమే, తూటాకు తేడా తెలియదు. కానీ ఆయన పోరాడిన యుద్ధంలోనే, తూర్పు పాకిస్తాన్‌లో లెక్కకందనంత మంది స్త్రీలు అత్యాచారాలకు గురయ్యారు. అది తూటా చేసిన పని కాదు, మనిషిని ఎంచుకుని చేసిన పని. యుద్ధం ముగిశాక కొత్త బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆ స్త్రీలకు 'బీరాంగన', అంటే వీరాంగన, అని గౌరవనామం ఇచ్చింది. పేరైతే దక్కింది కానీ చాలామందిని సొంత ఊళ్లు, సొంత ఇళ్లు మళ్లీ చేర్చుకోలేదు. లైంగిక హింసను యుద్ధతంత్రంగా వాడటం అంతర్జాతీయ శాంతిభద్రతలకు సంబంధించిన విషయమేనని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి స్పష్టంగా తీర్మానించింది 2008లో, 1820వ తీర్మానంలో. 1971 నుంచి లెక్కపెట్టు. ముప్పై ఏడేళ్లు. అంతవరకు అది యుద్ధం వెంట వచ్చే దురదృష్టం, వరదలో కొట్టుకుపోయిన పశువుల్లాగా లెక్కల చివర రాసుకునే సంగతి.

దీన్ని తాతయ్య ముందు పెట్టేటప్పుడు ఆయన్ను ఓడించాలని చూడకు. ఆయన ఆ శరణార్థుల శిబిరాలను కళ్లతో చూసి ఉండవచ్చు. నీకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. అడుగు.

గదిలో ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రాన ఏమి మారుతుందని ఎదుటి జట్టు అడుగుతుంది. అడగాలి కూడా, మంచి ప్రశ్న. దీనికి నేను పాఠంలో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రువాండా నేరాలపై టాంజానియాలోని ఆరుషాలో జరిగిన అంతర్జాతీయ విచారణ. తాబా అనే ప్రాంతానికి మేయరుగా ఉన్న అకయేసు మీద 1994 నరమేధం కేసు. మొదట దాఖలైన అభియోగపత్రంలో అత్యాచారం ఊసే లేదు. విచారణ సాగుతుండగా ఒక సాక్షి వేరే విషయాలు చెబుతూ, తన చిన్న కూతురిపై జరిగిన అఘాయిత్యాన్ని ప్రస్తావించింది. ముగ్గురు న్యాయమూర్తులున్న ఆ ధర్మాసనంలో ఒకే ఒక్క మహిళ నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టినామె. ఆ సాక్షినీ, తర్వాత వచ్చిన సాక్షులనూ ఆమె గుచ్చి గుచ్చి అడిగారు. బయట మహిళా సంఘాలు కూడా ఒత్తిడి తెచ్చాయి. 1997లో అభియోగపత్రాన్ని సవరించారు. 1998 సెప్టెంబరులో వచ్చిన తీర్పు, ఒక జాతిని నిర్మూలించే ఉద్దేశంతో జరిపిన అత్యాచారం కూడా నరమేధమేనని మొట్టమొదటిసారిగా తేల్చింది. పిళ్లై అక్కడ శాంతి ప్రబోధం చేయలేదు, కరుణ చూపమని ఎవరినీ వేడుకోలేదు. అడగవలసిన ప్రశ్న అడిగారు. సమానత్వం విధానంలో ఎందుకుండాలో ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. మీ ప్రసంగంలో దీనికి కనీసం నిమిషంన్నర కేటాయించు.

మన దేశంలో ఆ గది తలుపు ఎలా తెరుచుకుందో ఒక్క ముక్క చెప్పు చాలు. 1949లో విదేశాంగ సేవలో చేరిన మొదటి మహిళ సి.బి.ముత్తమ్మ. పెళ్లి చేసుకోవాలంటే మహిళా అధికారి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని, సంసారం పనికి అడ్డొస్తుందనుకుంటే రాజీనామా చేయించవచ్చని అప్పటి నిబంధనలు. పురుషులకు ఆ షరతు లేదు. పదోన్నతి నిరాకరించినప్పుడు ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం పదోన్నతి ఇచ్చేసింది. అయినా 1979లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తీవ్రంగా తప్పుబట్టి, అటువంటివాటిని సరిదిద్దమని చెప్పారు. మొదటి మహిళా విదేశాంగ కార్యదర్శి చోకిలా అయ్యర్ రావడానికి 2001 పట్టింది. ముత్తమ్మ చేరిన అర్ధశతాబ్దం తర్వాత అన్నమాట.

ఇక అంకెల సంగతి. నువ్వు పంపిన పేజీలో 'స్త్రీలు పాల్గొంటే శాంతి ఒప్పందం పదిహేనేళ్లు నిలిచే అవకాశం 35 శాతం ఎక్కువ' అని ఉంది. ఈ అంకె ప్రతి వేదిక మీదా తిరుగుతుంది. 1989 నుంచి 2011 వరకు కుదిరిన 182 ఒప్పందాలను పరిశీలించిన ఒక అధ్యయనం నుంచి వచ్చింది. అబద్ధం కాదు. కానీ తెలివైన ప్రత్యర్థి ఎవరైనా, 'స్త్రీలు రావడం వల్ల ఒప్పందం నిలిచిందా, లేక నిలిచేంత సుహృద్భావం ఉన్నచోటే స్త్రీలను రానిచ్చారా?' అని అడుగుతాడు. అప్పుడు నీ దగ్గర జవాబుండదు. అంకె చెప్పదలిస్తే జరిగిందేమిటో చూపించే అంకె చెప్పు. 1992 నుంచి 2019 వరకు ప్రధాన శాంతి చర్చల్లో స్త్రీలు సంప్రదింపులు జరిపినవారిలో 13 శాతం, సంతకం చేసినవారిలో 6 శాతం. దీనితో ఎవరూ పోట్లాడలేరు. దాని పక్కన ఒక కథ పెట్టు. ఉత్తర ఐర్లాండ్‌లో 1996లో ఎన్నికలకు కొద్ది వారాల ముందు కొందరు స్త్రీలు కాథలిక్, ప్రొటెస్టెంట్ భేదం లేకుండా ఒక పార్టీ పెట్టుకున్నారు. వచ్చిన ఓట్లు నూటికి ఒకటి. అయినా శాంతి చర్చల బల్ల దగ్గర రెండు కుర్చీలు దక్కాయి. తుపాకుల అప్పగింత, అధికార పంపిణీ మీద పెద్ద పార్టీలు కొట్లాడుకుంటుంటే, హింసలో నష్టపోయినవారికి ఆసరా, రెండు మతాల పిల్లలూ కలిసి చదివే బడులు అన్నవాటిని వీళ్లు పట్టుకున్నారు. 1998 ఒప్పందంలో ఆ రెండూ ఉన్నాయి. మళ్లీ అదే సంగతి: వేరెవరూ లెక్కపెట్టనిదాన్ని లెక్కలోకి తెచ్చారు.

స్వీడన్ గురించి ప్రత్యర్థులు తప్పకుండా ఎత్తుతారు. 2014లో ఆ దేశ విదేశాంగ మంత్రి మార్గోట్ వాల్‌స్ట్రోమ్ 'స్త్రీవాద విదేశాంగ విధానం' అని ప్రకటించి, హక్కులు, ప్రాతినిధ్యం, వనరులు అని మూడు మాటల్లో దాన్ని వివరించారు. 2015లో సౌదీ అరేబియాను విమర్శించేసరికి, కైరోలో అరబ్ లీగ్ సమావేశంలో ఆమె చేయవలసిన ప్రసంగాన్ని సౌదీ అడ్డుకుంది. స్వీడన్ ఆ దేశంతో ఉన్న రక్షణ సహకార ఒప్పందాన్ని పొడిగించలేదు. సౌదీ తన రాయబారిని వెనక్కి పిలిపించింది. స్వీడన్ వ్యాపారవేత్తలు లబోదిబోమన్నారు. 2022లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ పేరునే పక్కన పెట్టేసింది. 'చూశారా, మొదలుపెట్టినవాళ్లే వదిలేశారు' అంటారు నీ ప్రత్యర్థులు. వదిలేసింది పేరును, ఖర్చుకు భయపడి కావచ్చు. ఖర్చయ్యే విధానాన్నే విధానం అంటారు. ఏ ఖర్చూ లేనిది నినాదం. ఈ రెండు వాక్యాలు నావి, నువ్వు వాడుకో.

నినాదం అంటే గుర్తొచ్చింది. 2017 నవంబరులో మన మాదాపూర్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కుమార్తె వచ్చింది. సదస్సు నినాదమే మహిళలకు తొలి ప్రాధాన్యం అని. ఆ నెలలోనే నగర పోలీసులు రెండు నెలల పాటు భిక్షాటనను నిషేధించారు. కూడళ్లలో చంటిపిల్లలతో కనిపించే ఆడవాళ్లు కూడా ఉన్నట్టుండి మాయమయ్యారు. రోడ్లకు రంగులు వేశారు. నాకు ఆ సదస్సు మీద కోపం లేదు, అక్కడికి వచ్చిన స్త్రీలు నిజంగానే సంస్థలు నడుపుతున్నవాళ్లు. కానీ 'మహిళలకు ప్రాధాన్యం' అన్న బోర్డు కింద ఏ మహిళలు లెక్కకు వచ్చారో, ఎవరు చెత్తతో పాటు ఊడ్చుకుపోయారో చూడటానికి అది మంచి పాఠం. మరుసటి సంవత్సరం తరగతిలో అదే చెప్పాను.

మన ఊరి గర్వాలు కూడా ఉన్నాయి, వాటిని జాగ్రత్తగా వాడు. 2016 జూన్ 18న దుండిగల్ వైమానిక దళ అకాడమీలో దేశంలోని మొదటి ముగ్గురు మహిళా యుద్ధవిమాన పైలట్లు అధికారులయ్యారు. కంచన్‌బాగ్‌లోని ప్రయోగశాలలో పనిచేసే షీనా రాణి నాయకత్వంలో 2024 మార్చిలో, ఒకే క్షిపణితో అనేక లక్ష్యాలను కొట్టగల అగ్ని-5 పరీక్ష విజయవంతమైంది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ వివరాలను విదేశాంగ కార్యదర్శితో కలిసి దేశానికి చెప్పినవారు కర్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్. ఇవన్నీ నిజమైన విజయాలే. అయితే తలుపు తెరుచుకోవడం ఒకటి, లోపల అజెండా మారడం ఇంకొకటి. క్షిపణి చేసినది ఆడో మగో, అది పడే చోట మారేది ఏమీ లేదు. ఈ ఉదాహరణలతో చప్పట్లు వస్తాయి, వాదన మాత్రం ముందుకు సాగదు. ఒక్క వాక్యంలో దాటెయ్యి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది మీ పోటీలో ఏ జట్టూ మాట్లాడదు, అందుకే నువ్వు మాట్లాడాలి.

విదేశాంగ విధానం మన తెలుగు ఇళ్లలోకి వచ్చేది భద్రతా మండలి తలుపులోంచి కాదు, గల్ఫ్ వీసాలోంచి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఎక్కువగా మగవాళ్లు వెళతారు. కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప, రాయచోటి వైపు నుంచి ఆడవాళ్లు వెళతారు, ఇంటి పనికి. అక్కడి మాటలో 'ఖద్దామా'. ఈ మాట నీ ప్రసంగంలో వాడు.

నిబంధన ఏమిటంటే, 1983 నాటి వలసల చట్టం కింద ప్రత్యేక అనుమతి అవసరమైన 18 దేశాలకు ఇంటి పని కోసం వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అటువంటివి. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు దుబాయ్‌లో ముప్పై అంతస్తుల మీద సిమెంటు మోయడానికి వెళ్లవచ్చు. ఇరవై ఆరేళ్ల తల్లి మస్కట్‌లో అంట్లు తోమడానికి వెళ్లకూడదు. ఉద్దేశం రక్షణే, కాదనను. జరిగేది మాత్రం వేరు.

విశ్రాంతి తీసుకున్న తర్వాత నేను వారానికి రెండు రోజులు గల్ఫ్ కుటుంబాలకు అర్జీలు రాసిపెట్టే చోట కూర్చునేదాన్ని. ఒకసారి కోనసీమ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కూతురికి ఇరవై ఆరు. వయసు చాలదు కనుక ఏజెంటు ఆమెను విజిట్ వీసా మీద పంపాడు. మూడు నెలలకు వీసా గడువు తీరింది, పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఫోను లేదు. నేను రాసిన అర్జీకి ఒక కార్యాలయం నుంచి వచ్చిన జవాబు రెండు వరుసలు: ఆ పేరుతో ఉద్యోగానికి వెళ్లినవారెవరూ మా రికార్డులో లేరు. నిజమే మరి. రక్షించడానికి పెట్టిన నిబంధనే ఆమెను రికార్డులోంచి తప్పించింది. రికార్డులో లేని మనిషికి ప్రమాదం జరగదు కదా, కాగితం ప్రకారం. ఆ అమ్మాయి పదకొండు నెలలకు ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే తాత్కాలిక కాగితం మీద, తిరిగి వచ్చింది, అదీ అక్కడ పనిచేసే మన డ్రైవర్లు చందాలు వేసుకోవడం వల్ల.

ఇది విదేశాంగ విధానమేనా అని అడుగుతారు. ఇలా చెప్పు. కువైట్‌లో భారతీయ స్త్రీని పనికి పెట్టుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు హామీ కట్టాలని మన ప్రభుత్వం షరతు పెట్టింది. కువైట్ ఒప్పుకోలేదు, మన ఇంటి పనివాళ్లకు వీసాలు ఆపేసింది. 2017లో మనమే షరతు ఎత్తేశాం. మరుసటి సంవత్సరమే ఫిలిప్పీన్స్ చేసింది చూడు. కువైట్‌లో తమ దేశపు పనిమనిషి దారుణ హత్యకు గురైన తర్వాత అక్కడికి పనివాళ్లను పంపడం ఆపింది. గొడవ ముదిరి కువైట్ ఆ దేశ రాయబారిని బహిష్కరించింది. అయినా 2018 మేలో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని తీసుకోకూడదు, ఫోను వాళ్ల దగ్గరే ఉండాలి అని అందులో రాయించుకున్నారు. ఆ ఒప్పందం పూర్తిగా అమలైందని నేను చెప్పను. కానీ ఒక పనిమనిషి చేతిలోని ఫోను, రెండు ప్రభుత్వాలు సంతకం చేసే కాగితంలోకి ఎక్కింది. చమురు, యుద్ధనౌకల స్థాయి చర్చల్లో దానికి చోటు దొరికింది. నీ అంశంలోని 'చోటుండాలి' అన్న మాటకు అర్థం ఇదే.

ప్రత్యర్థులు చివరగా ఆడే ముక్క దేశప్రయోజనం. 'ఆఫ్ఘనిస్తాన్‌లో బాలికల బడులు మూశారని తాలిబన్లతో మాట్లాడకుండా ఉందామా?' దీన్ని తేలికగా కొట్టేయకు, ఇది బరువైన ప్రశ్న. 2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీ వచ్చాడు. అక్టోబరు 10న ఆఫ్ఘన్ రాయబార కార్యాలయంలో జరిగిన పత్రికా సమావేశానికి మహిళా విలేఖరులను పిలవలేదు. మన విదేశాంగ శాఖ తమకు ఆ సమావేశంతో ప్రమేయం లేదంది. దేశమంతా గొడవైంది. రెండు రోజులకు అతనే మళ్లీ సమావేశం పెట్టాడు, ఈసారి మహిళలు ముందు వరుసలో కూర్చున్నారు, బాలికల చదువు గురించి సూటిగా అడిగారు. మాటలు ఆగలేదు, సంబంధాలు తెగలేదు. తాలిబన్లతో మాట్లాడటం తప్పు కాదు, మాట్లాడే గదిలో ఎవరుంటారన్నది కూడా మనం బేరం పెట్టగల విషయమేనని ఆ రెండు రోజులు చూపించాయి. దానితో ఆఫ్ఘన్ బాలికలకు బడి తెరుచుకోలేదు. ఆ మాట నువ్వే ముందుగా ఒప్పుకో, ఒప్పుకున్న జట్టును న్యాయనిర్ణేతలు నమ్ముతారు.

'మన దేశం ఏమి చేయాలి' అని అడిగితే ఒకటే చెప్పు. స్త్రీలు, శాంతి, భద్రతలపై భద్రతా మండలి 1325వ తీర్మానం వచ్చింది 2000 అక్టోబరులో. వందకు పైగా దేశాలు దాన్ని అమలు చేయడానికి జాతీయ ప్రణాళికలు రాసుకున్నాయి. నేపాల్ 2011లో, బంగ్లాదేశ్ 2019లో రాసుకున్నాయి. 2007లో లైబీరియాకు ఐక్యరాజ్యసమితి తరఫున మొట్టమొదటి మహిళా పోలీసు దళాన్ని పంపిన మనం రాసుకోలేదు. రాసుకుంటే అందులో మొదటి పేజీలో ఖద్దామాలు ఉండాలని నా కోరిక. అది కోరిక అనే చెప్పు, వాదన అనకు.

సమయం విషయానికి వస్తే, మీకు ఆరు నిమిషాలని రాశావు. తాతయ్య తూటా మాటతో మొదలుపెట్టు, ఆయన అనుమతి అడిగి. 1971 ఒక నిమిషం, పిళ్లై నిమిషంన్నర, గల్ఫ్ రెండున్నర, మిగిలిన నిమిషం తాలిబన్ ప్రశ్నకు. స్వీడన్‌ను వాళ్లు ఎత్తితేనే ఎత్తు. రాసుకున్నది ముందు తాతయ్యకు వినిపించి, ఆయన ఏ వాక్యం దగ్గర ఆపారో ఇక్కడ రాయి. అక్కడ నుంచి చూద్దాం.